బాణసంచాకు ఏకవచనం లేదు

దీపావళి దగ్గర పడగానే వీధుల్లో వెలిసే ‘అన్ని రకాల టపాసులు ఇచ్చట లభించును’ అన్న బ్యానరు, మాటల మీద మమకారం గలవారికి ఏటేటా అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. ఎందుకంటే టపాకాయ అన్నా, తమిళుల పట్టాసుకు చుట్టమైన టపాసు అన్నా పేలేదనే అర్థం, ఆ దుకాణంలోనేమో పేలని సరుకే బోలెడంత.

ఆ సరుకంతటికీ స్థిరపడిన పేరు బాణసంచా. ఇది సామాను, సరంజామా వంటి సమూహవాచకం, అనగా పలు వస్తువులను కలగలిపి చెప్పే మాట, కనుక ‘రెండు బాణసంచాలు ఇవ్వండి’ అని ఎవరూ అడగరు. ఇందులోని బాణం వింటి నుంచి వెడలేది కాదు, మందు బలంతో ఎగిరేది. 1780లో పొల్లిలూరు వద్ద మైసూరు సైన్యం ఆంగ్లేయుల మీద ప్రయోగించిన, వెదురు బద్దకు ఇనుప గొట్టం బిగించిన ఆయుధం ఈ జాతిదే. ఖాళీ సీసాలో నిలబెట్టి అంటించే తారాజువ్వ దాని వంశాంకురం, పుల్ల విరిగితే దారి తప్పి పొరుగింటి వసారాలో దూరడం ఆ వంశలక్షణం.

విడి పేర్లలో ఒక్కొక్కటీ ఒక్కో చూపు. మతాబు పారసీకుల ‘మాహ్‌తాబ్’, అంటే వెన్నెల. కాకరపువ్వొత్తి పెరటి పాదును తలపించే రవ్వల పువ్వు. నేల మీద తిరిగేది భూచక్రం, పుల్లకు గుచ్చి చేత పట్టుకునేది విష్ణుచక్రం. ఎటు పోతుందో తనకే తెలియనిది సిసింద్రీ, అందుకే ఆ పేరు ఇంట్లో కుదురులేని పిల్లవాడికి దక్కింది. పిల్లవాడిని ‘టపాసు’ అని ముద్దు చేసే తల్లి ఎక్కడైనా ఉంటుందా? చట్టానికి సైతం ఈ తేడా తెలుసు: పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించరాదన్న 1999 నాటి నిబంధన మోతకే గాని వెలుగుకు కాదు.

అన్నిటిలోకీ పెద్దపీట చిచ్చుబుడ్డిది. చిచ్చు అంటే నిప్పు, బుడ్డి అంటే చిన్న మట్టి పాత్ర. వెనుకటి ఇళ్లలో సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు వేర్వేరుగా నూరి, ఇనుప రజను కలిపి, బుడ్డిని తలకిందులుగా పట్టి అడుగు వైపు నుంచి మందు కూరి, బంకమట్టితో మూసేవారు. సూరేకారం మంటకు ఊపిరి పోస్తే, రజను బంగారు రవ్వలై పైకి చిమ్మేది. చెమ్మ తగిలిన బుడ్డి తుస్సుమంటుంది గనుక చాటల్లో పోసి మేడ మీద ఎండబెట్టడం ఒక వ్రతం, మబ్బు పట్టగానే ఆ చాటలతో కిందికి పరుగెత్తడం మరొకటి. అలా ఎండిన వాటిలో కొన్నింటిని నాగులచవితికని బియ్యం డబ్బా వెనుక దాచేవారు. పుట్టలో పాలు పోసి వచ్చిన సాయంత్రం, పండుగ వెళ్ళిపోయిన వీధిలో, ఆ దాచిన నాలుగింటినీ తొందరపడకుండా, ఒక దాని తరువాత ఒకటిగా వెలిగించేవారు.