మోకు

మా ఊరి దేవాలయపు గంట గోపురము అంత ఎత్తైనది కాదు. నేలనుండి సిలువవరకు 36 అడుగులు. క్రిస్మసుకు ముందు దానికి సున్నము వేయించి, పైన నక్షత్రము కట్టుట మా సంఘమునకు నా చిన్ననాటినుండి వాడుక. 2009వ సంవత్సరమున ఆ పని చేయించు భారము నామీద పడెను. అప్పటికి నేను బడిలో పంతులుగా ఉండి, సంఘపు లెక్కలు చూచుచుంటిని.

పనికి వచ్చినవాడు మా సంఘపు బిడ్డయే. ఇరువది మూడేండ్ల చిన్నవాడు. నిచ్చెన దించి గోపురమువైపు ఒక నిమిషము తేరి చూచి, "మాస్టారూ, పైన కట్టుకోడానికి గట్టి తాడొకటి, కింద పట్టుకోడానికి ఇద్దరు మనుషులు కావాలండి" అనెను.

నేను నవ్వితిని. "ఇది దేవుడి పనిరా అబ్బాయ్! ప్రార్థన చేసుకుని ఎక్కు. ఆయన చూసుకుంటాడు" అంటిని.

ఈ మాట విని నన్ను గొప్ప విశ్వాసి అనుకొనవద్దు. ఆ సంవత్సరము మైకు సెట్టుకును పిల్లల మిఠాయిలకును సొమ్ము చాలక తడుముకొనుచుంటిని. త్రాటి వెలయు, ఇద్దరి కూలియు మిగిలినచో ఆ లోటు తీరునని నా లోపలి లెక్క. నోట దేవుని పేరు ఉండెను. మనస్సులో లెక్కల పుస్తకము ఉండెను. వాడు మారు పలుకలేదు. చేతులు జోడించి కన్నులు మూసికొనగా నేనే ప్రార్థన చేసితిని. ఆ ప్రార్థన తలంపునకు వచ్చినప్పుడెల్ల నాకు నేటికిని సిగ్గగును.

మధ్యాహ్నము రెండు గంటల వేళ వాడు నిచ్చెన విడిచి, గోపురపు అంచుమీద కాలు మోపెను. అక్కడ క్రొత్తగా వేసిన సున్నము ఇంకను తడిగా నుండెను. కాలు జారెను. 22 అడుగుల ఎత్తునుండి మెట్ల అంచుమీద పడెను. అంత ఎత్తునుండి మనిషి నేలను చేరుటకు సెకనుకంటె కొంచెమే ఎక్కువ పట్టునట. అప్పటి వేగము గంటకు 40 కిలోమీటర్లు. "ప్రభువా" అని పూర్తిగా పలుకుటకైనను ఆ కాలము చాలదు. వాడు పలుకలేదు. పలికినవారము క్రిందనున్న మేము.

ప్రాణము దక్కెను. తుంటి ఎముకయు, ఎడమ కాలును విరిగెను. మూడు నెలలు మంచము, తరువాత కఱ్ఱ. ఆ కాలు నేటికిని కొంచెము పొట్టియే.

ఆసుపత్రి వరండాలో వాని తండ్రి నా ప్రక్కన కూర్చుండెను. ఆయన జీవితమంతయు తాడిచెట్లు గీచినవాడు. కోపపడునేమో, సంఘములో నా మాట ఎత్తునేమో అని భయపడితిని. ఆయన చాల సేపటికి నెమ్మదిగా ఇట్లనెను: "మాస్టారూ, నేను నలభై ఏళ్లు తాళ్లెక్కాను. బాప్తిస్మం తీసుకున్నాక ప్రార్థన చెయ్యకుండా ఒక్క పొద్దు కూడా ఎక్కలేదు. మోకు లేకుండా కూడా ఒక్క పొద్దు ఎక్కలేదు."

అంతే. మరేమియు అనలేదు. టీ త్రాగుదము రండని తానే నన్ను లేపి తీసికొనిపోయెను.

మోకు అనగా తెలియనివారు మన పల్లెలలో ఉండరు. చెట్టు చుట్టును మనిషి నడుము చుట్టును కలిపి వేయు బలమైన త్రాడు అది. ఎక్కువాడు వెనుకకు వ్రాలి తన బరువు దానిమీద మోపి, పాదములు చెట్టునకు తన్ని, మోకును పైకి ఎగురవేయుచు ఒక్కొక్క జానెడు పోవును. ఏ యింజనీరును నేర్పకమునుపే మన పెద్దలు కనిపెట్టిన ప్రాణాధారము అది. ఐతే దానికిని ఒక కొదువ గలదు: మోకు జారినను, తెగినను, మట్టలలోనికి పోవుటకు దానిని విడిచినను, మనిషిని ఆపుటకు రెండవ త్రాడు లేదు.

ఆ రాత్రి బైబిలు తెరచితిని. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయము నాకు కంఠతా వచ్చినదే. దేవాలయ శిఖరముమీద ప్రభువును నిలువబెట్టి, క్రిందికి దుముకుము, దూతలు పట్టుకొందురు అని చెప్పినవాడు ఎవడు? అపవాది. ప్రభువు దుముకలేదు, దేవుని శోధింపరాదని చెప్పెను. మా దేవాలయ గోపురముమీదికి ఆ చిన్నవానిని పంపినప్పుడు నేను పలికిన మాట ఎవరి మాటకు దగ్గరగా నున్నదో చదువరులే చూచుకొనుడి. దుముకుమని నేను చెప్పలేదు, నిజమే. పడినచో దేవుడు పట్టుకొనునని మాత్రము చెప్పితిని.

ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయమున ఒక చిన్న ఆజ్ఞ గలదు. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల అక్కడనుండి ఎవడైనను పడినప్పుడు ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. పడినవాడు ఎందుకు జాగ్రత్తగా నడువలేదని ఆ ఆజ్ఞ అడుగుట లేదు. ఇల్లు ఎవరిదని అడుగుచున్నది. ఎన్నో మారులు చదివి దాటిపోయిన వచనమే. ఆ రాత్రి దాటలేకపోతిని.

తరువాత యిర్మీయా గ్రంథము. ప్రవక్తను బురద గోతిలో దింపినప్పుడు ఎబెద్మెలెకు అను కూషీయుడు ముప్పదిమందిని తీసికొని పోయి త్రాళ్లతో పైకి లాగెను. త్రాడు వేయుటకు ముందు పాత చింకిబట్టలు వెదకి తెచ్చి, చంకల క్రింద పెట్టుకొనుమని చెప్పెను. ఎంతటి శ్రద్ధ! త్రాడు ప్రాణము నిలుపును, ఐతే ఒంటిని కోయును కూడ అని ఎరిగినవాడు.

ఈనాడు ఎత్తున పనిచేయువారికి పెట్టు పట్టీల మర్మమంతయు ఎబెద్మెలెకు చింకిబట్టలలోనే ఉన్నది. నడుమునకు మాత్రమే బెల్టు కట్టుకొని పడినయెడల ఆ కుదుపు అంతయు కడుపునకును వెన్నునకును తగులును. అందుచేత అమెరికాలో 1998 జనవరి 1 నుండి పడువానిని ఆపుటకు ఒట్టి నడుము బెల్టు చాలదని నియమించిరి. భుజములను, ఛాతీని, తొడలను కలిపి పట్టు పూర్తి పట్టీ కావలెను. దాని వీపు భాగమున ఉంగరము; ఆ ఉంగరమునకు చిన్న త్రాడు; ఆ త్రాటిలో మడిచి కుట్టిన పట్టీ ఒకటి. మనిషి పడగానే ఆ కుట్లు ఒక్కొక్కటిగా తెగుచు కుదుపును మెత్తపరచును. నిలువుగా వ్రేలాడు ప్రాణత్రాటిమీద ఒక పట్టుకొయ్య మనిషితోకూడ పైకి క్రిందికి జారుచుండును. హఠాత్తుగా లాగబడినచో బిగిసికొనును. ఒకచోటునుండి మరియొక చోటికి మారునప్పుడు రెండు కొక్కెములుండవలెను. ఒకటి తగిలించిన తరువాతనే రెండవది విప్పవలెను. మా వాడు నిచ్చెన విడిచి అంచుమీద కాలు మోపిన ఆ ఒక్క అడుగే ఇది.

అన్నిటికంటె ముఖ్యము, త్రాడు దేనికి కట్టితిమి అనునది. అమెరికా నియమము ప్రకారము ఒక్క మనిషికి ఆధారమైన కట్టు 5,000 పౌనులు, అనగా సుమారు 2,270 కిలోల లాగుడును తాళవలెను. గోపురపు సిలువకు కట్టుదమనువారున్నారు. వద్దు. ఆ సిలువ మనలను రక్షించు సిలువ కాదు, సిమెంటు సిలువ.

పట్టీలో వ్రేలాడువానిని అట్లే విడువరాదు. కదలకుండ వ్రేలాడినయెడల రక్తము కాళ్లలో నిలిచి ప్రాణాపాయము వచ్చును. వెంటనే దింపుటకు మనుషులు దగ్గర నుండవలెను. ఒకసారి మనిషిని ఆపిన త్రాటిని మరల వాడరాదు. నూతి త్రాడు చాలునని నావలె ఎవరును అనకుందురు గాక.

శాన్ ఫ్రాన్సిస్కోలో 1933లో గోల్డెన్ గేట్ వంతెన కట్టుట మొదలుపెట్టినప్పుడు, ప్రతి పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణము పోవునని ఆ వృత్తివారు ముందే లెక్క వేసికొనెడివారట. ఆ వంతెన ప్రధాన యింజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కకు ఒప్పుకొనక, వంతెన క్రింద పెద్ద వల కట్టించెను. 19 మంది పడి ఆ వలలో బ్రతికిరి. నరకమునకు సగము దారి పోయి వచ్చినవారమని వారు తమకొక సంఘము పేరు కూడ పెట్టుకొనిరి. 1937 ఫిబ్రవరి 17న ఒక పెద్ద పరంజా తెగి వలను చించుకొని పోగా, 10 మంది చనిపోయిరి. వల ఉన్నదని పరంజాను చూడక విడువరాదు. ఐనను ఆ 19 మంది ఇండ్లకు వెళ్లిరి.

మన ప్రాంతమున 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కల్లుగీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచము అను పేరుతో త్రాళ్లు, పట్టీలు, కొక్కెములు గల సామగ్రిని ఇచ్చుట ప్రారంభించెను. కల్లు విషయమై మన సంఘముల తలంపు అందరికి తెలిసినదే. ఐతే చెట్టుమీదనుండి పడువాని ఎముకలు మన తలంపునుబట్టి విరుగవు. ఆ వార్తను పత్రికలో చూచి, దానిని చదివి వినిపించుటకు మా చిన్నవాని తండ్రియొద్దకు పోయితిని. ఆయన చెట్లెక్కుట మాని చాల కాలమాయెను. అంతయు విని, "రెండో తాడన్నమాట" అనెను.

2009 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను సంఘము ఎదుట లేచి నా తప్పు ఒప్పుకొంటిని. త్రాడు అడుగగా ఇయ్యలేదని చెప్పితిని. కొందరు పెద్దలకు అది నచ్చలేదు; ప్రమాదమునకు దేవుని చిత్తమని చెప్పినచో చాలునని వారి భావము. ఆ మిగిలిన సొమ్ము ఎంతో, ఆసుపత్రి ఖర్చు ఎంతో రెండును చదివి వినిపించితిని. తరువాత ఎవరును మాటాడలేదు.

ఇప్పుడు మా సంఘపు లెక్కలలో మైకు సెట్టుకంటె పైన ఒక వరుస గలదు: త్రాళ్లు, పట్టీలు. గత డిసెంబరులో నక్షత్రము కట్టుటకు వేరొక కుఱ్ఱవాడు ఎక్కెను. త్రాటి కొన పట్టుకొని నేను క్రింద నిలిచితిని. మా చిన్నవాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, కఱ్ఱ గోడకానించి, కుంటుచు వచ్చి ఆ కుఱ్ఱవాని వీపు మీది కొక్కెము లాగి చూచెను. పిమ్మట నా దగ్గరకు వచ్చెను.

"ప్రార్థన అయిందా మాస్టారూ?"

"అయిందిరా."

"అయితే ముడి ఇంకోసారి చూపించండి" అని నా చేతిలోని త్రాడు తీసికొనెను.