ఇంగ్లిషుకు లొంగని అద్దె మాటలు

కోల్‌కతా హైకోర్టు భవనాన్ని 1872లో బెల్జియంలోని ఈప్రె పట్టణపు పాత బట్టల అంగడి నమూనాలో కట్టారు. ఆ గోపురం ఎదుట ఓల్డ్ పోస్టాఫీస్ స్ట్రీట్ నిండా లాయర్ల గదులే. చుట్టుపక్కల వీధుల్లో కాగితాలు టైపు చేసిపెట్టేవాళ్లు కూర్చుంటారు. టైపు మిషన్ల జోరు తగ్గి కంప్యూటర్లు వచ్చాయి కానీ పని మాత్రం మారలేదు. బెంగాలీలో కుదిరిన బేరాన్ని ఇంగ్లిషు కాగితం మీదికి ఎక్కించడమే ఆ పని. ఇంటాయన బాడీవాలా, అద్దెకుండేవాడు భాడాటే, అద్దె భాడా. ఆ మాట వింటే మన బాడుగ గుర్తుకొస్తుంది.

కాగితం మీద గడువు సాధారణంగా 11 నెలలు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది గనుక ఒక నెల తగ్గిస్తారు. ఈ కిటుకు హైదరాబాద్‌లోనూ ఉన్నదే. మరికొందరు యజమానులు 'అద్దెదారు' అన్న మాటే రానీయకుండా 'లైసెన్సీ' అని రాయిస్తారు. అద్దెదారుకు చట్టం రక్షణ ఉంది, లైసెన్సీకి లేదు. కాగితం మీద ఏ పేరు పెట్టారన్నది కాదు, అసలు ఏ హక్కు ఇచ్చారన్నదే చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. అయినా ఆ మాట మీద మోజు తగ్గలేదు.

డబ్బు మాటల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మన దగ్గర 'అడ్వాన్స్' అంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే సొమ్ము. ఇంగ్లిషులో అదే మాటకు ముందుగా కట్టిన అద్దె అని కూడా అర్థం. స్పెయిన్ అద్దె పత్రాల్లో 'ఫియాన్సా' అని రాస్తారు. 1994 నాటి అక్కడి చట్టం ప్రకారం నివాస గృహానికి అది ఒక నెల అద్దె. క్రిమినల్ కోర్టులో అదే మాటకు జామీను అని అర్థం. నిఘంటువు చూసి ఇంగ్లిషు చేసేవాడు తొందరపడితే అద్దెదారు బెయిలు మీద ఉన్నట్టు అర్థం వస్తుంది. కోల్‌కతాలో సెలామీ ఉంది. సలాం చేస్తూ సమర్పించుకునేది అని ఆ మాటకు మూలార్థం. పాత ఇల్లో దుకాణమో చేతులు మారేటప్పుడు ఇచ్చే సొమ్ము ఇది. చట్టం ఒప్పుకోదు కాబట్టి దీన్ని ఏ భాషలోనూ కాగితం మీద పెట్టరు.

చట్టం రాసినవాళ్లే అనువాదానికి చేతులెత్తేసిన మాటలూ ఉన్నాయి. నగరంలోని పాత బస్తీల్లో స్థలం ఒకరిది. దాన్ని అద్దెకు తీసుకుని గుడిసెలు వేసినవాడు ఠికా అద్దెదారు. ఆ గుడిసెలో గది తీసుకున్నవాడు భాడాటియా. 1949 చట్టం 'ఠికా'ను అలాగే ఇంగ్లిషు అక్షరాల్లోకి దింపింది. 1981 చట్టంలో 'భాడాటియా' కూడా ఉన్నాడు. ఆ స్పెల్లింగు మనవాళ్ల కంటపడితే 'భారతీయ' అని చదువుతారు. ఆ చట్టంతో 1982 జనవరి 18 నుంచి స్థలాలు రాష్ట్ర ప్రభుత్వానికి దఖలు పడ్డాయి, జమీందారు తప్పుకున్నాడు. ఠికా అద్దెదారు నేరుగా ప్రభుత్వం కిందికి వచ్చాడు. గదిలో ఉన్నవాడు మాత్రం ఎప్పటిలా ఆ ఠికాదారుకే అద్దె కడుతున్నాడు. రెండింటినీ 'టెనెంట్' అని రాసేస్తే ఈ మెట్ల తేడా కనిపించదు. ఇళ్లలో కొన్ని గంటలు పనిచేసి వెళ్లిపోయే పనిమనిషినీ బెంగాలీలో ఠికా అనే అంటారు. తరాలుగా ఒకేచోట ఉన్న కుటుంబాలకు దక్కిన పేరు కూడా అదే!

ఉత్తర కోల్‌కతా పాత మేడల్లో తగువు వేరు. అక్కడ అద్దె వందల్లోనే ఉన్న వాటాలు ఉన్నాయి. నెల అద్దె 6,500 రూపాయలు దాటిన నగర నివాసాలకు 1997 నాటి అద్దె చట్టం వర్తించదు గానీ, వీటికి వర్తిస్తుంది. 2001 జులై 10న అమల్లోకి వచ్చిన ఈ చట్టం 'టెనెంట్' మాటకు కొత్త హద్దు గీసింది. అద్దెదారు చనిపోతే అతనితోపాటు ఉంటూ, అతని మీద ఆధారపడి, వేరే ఇల్లు లేని పిల్లలకు ఆ హక్కు అయిదేళ్లే. అంతకుముందే చనిపోయినవారి విషయంలో లెక్క చట్టం వచ్చిన రోజు నుంచి మొదలైంది. అంటే ఆ గడువు 2006 జులైతో తీరిపోయింది. అవే షరతులకు లోబడి భార్యకో భర్తకో మాత్రం గడువు లేదు.

ట్యూషన్లు చెప్పి నాలుగు రాళ్లు తెచ్చుకుంటూ తండ్రితో ఉన్న కూతురు ఆయన మీద ఆధారపడినట్టా, కాదా? ఇరుగుపొరుగుకు ఆమె భాడాటే. పుట్టింది, పెరిగింది ఆ వాటాలోనే. చట్టంలోని ఇంగ్లిషు వాక్యం ప్రకారం ఆమె ఎవరో కోర్టు తేల్చాలి. ఈలోగా ఆమె నెలనెలా అద్దె ఇస్తుంది, యజమాని తీసుకుంటాడు. రసీదు మాత్రం చనిపోయిన తండ్రి పేరు మీదే వస్తుంది. ఆమె పేరు రాస్తే అద్దెదారుగా ఒప్పుకున్నట్టవుతుందని యజమాని భయం.