పాత ఇంటి కిటికీలు

శ్రీకాకుళం నుండి కళింగపట్నం వెళ్లేవారు గార మండలంలోని పల్లెల్లో కాసేపు ఆగితే, డాబాల మధ్య ఇంకా కొన్ని పాత పెంకుటిళ్లు కనిపిస్తాయి. వాటి కిటికీలు చూడండి. అడుగున్నర మందం గోడలో లోపలికి ఒదిగిన చట్రం, నిలువు ఇనుప ఊచలు, కింద రెండు, పైన రెండు చెక్క రెక్కలు. కింది రెక్కలు మూస్తే వీధిలోవారికి ఇల్లు కనబడదు, పై రెక్కలు తెరిస్తే గాలి ఆగదు. మన ఇళ్లలో ఐతుకు కూర్చుని ఉంటే కునుకు పట్టినా పడిపోయేవాడు కాదు, ఊచలు ఆపేవి!

1870లలో ఈ ఉత్తర తీరానికి వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు చలిదేశంవారు. అక్కడ కిటికీ బిగించేది వెచ్చదనం బయటికి పోకుండా. ఇక్కడ ఆ పని తిరగబడింది, వేడిని లోపలికి రానివ్వకూడదు.

గత మే నెలలో ఆ దారిలోని ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి, పడమటి గదిలో పడుకుంటారు. మధ్యాహ్నం ఆ గది పొయ్యిలా ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కిటికీలన్నీ పీకించి అల్యూమినియం జారుడు కిటికీలు పెట్టిస్తానంటున్నాడు. తండ్రికి వడదెబ్బ తగులుతుందని అతని భయం, అది న్యాయమైన భయమే. తల్లి మాత్రం, “అయ్యగారూ, ఈ రెక్కలు మా మాఁవగారు దగ్గరుండి చేయించారు. పీకేస్తే ఇల్లు గుడ్డిదైపోద్ది” అంది.

పట్టపగలు అన్ని రెక్కలూ మూసి గదిలో నిలబడ్డాం. చట్రానికీ గోడకూ మధ్య, రెక్కకూ రెక్కకూ మధ్య వెలుగు గీతలు కనబడ్డాయి. వెలుగు వచ్చే దారినే పడమటి గాలి, దుమ్ము, తుఫాను జల్లు కూడా వస్తాయి. కర్ర మాత్రం చెడలేదు.

ఊరి వడ్రంగి మొదట వదులైన బందులు బిగించి, కుంగిన రెక్కలను ఎత్తి నిలబెట్టాడు. రెండు రెక్కలు కలిసేచోట ఒకదానికి సన్నని చెక్క బద్దీ కొట్టి, అది రెండోదానిమీదికి వచ్చేలా చేశాడు. చట్రం అంచున రబ్బరు పట్టీ అంటించాడు. గోడ పక్క సందులను సిమెంటుతో కాక, మగ్గిన సున్నం, ఇసుక కలిపి పూడ్చారు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది, సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. ఇంకొక మాట. రెక్క బిగుసుకుందని వానాకాలంలో చిత్రిక పట్టించవద్దు. తేమకు ఉబ్బిన కర్ర వేసవిలో కుదించుకుపోతుంది, అప్పుడు వేలు దూరేంత సందు మిగులుతుంది.

అల్యూమినియం కిటికీ చెడ్డదనను. కాని జారుడు కిటికీ ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. ఒంటి గాజులోంచి ఎండ వేడి నేరుగా లోపలికి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంలో ఎన్ని అద్దాలు పగలగొట్టిందో ఆ కొడుకే చూశాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఈ తీరంలో చెక్క రెక్కను తీసేసి గాజును నమ్ముకోవడం నాకు తెలివిగా తోచదు. గాజు కావాలనుకుంటే చెక్క రెక్క బయట ఉంచి, లోపలివైపు తెరుచుకునే గాజు రెక్క పెట్టుకోవచ్చు. రెండూ మూసినప్పుడు నడుమ నిలిచిన గాలి వేడిని కొంత ఆపుతుంది. వానరోజు చెక్క రెక్క తెరిస్తే వెలుగూ ఉంటుంది.

ఎండను గోడ బయటే ఆపాలి. లోపల కట్టిన తెర అప్పటికే లోపలికి వచ్చిన వేడిని ఏం చేయగలదు? వారు పడమటి పంచకు వెదురు తడికె వేలాడదీశారు. వట్టివేళ్ల తడికె తడిపితే పొడి పడమటి గాలికి చల్లన ఇస్తుంది, సముద్రపు తేమ గాలికి అంత ఉపకారం ఉండదు. ఆ గాలి మళ్లగానే తూర్పు కిటికీలు తెరవాలి, రాత్రి అన్నీ తెరవాలి. కట్టెల పొయ్యి ఉన్న వంటగదిని మాత్రం ఎన్నడూ బిగించకూడదు, పొగ పోయే దారి ఉండవలసిందే.

పడమటి కిటికీలు రెండూ నాలుగు రోజుల్లో పూర్తయ్యాయి. పెద్దాయన మంచం అక్కడే ఉంది. కొడుకు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్న వచ్చినప్పుడు తూర్పు కిటికీకి లోపలి గాజు రెక్క కోసం కొలతలు తీసుకుని వెళ్లాడట.