ఆయుధాలు మోసిన నహరై

బైబిల్లో పేర్ల పట్టీ కనబడగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. మీరూ అంతేనా? ఈసారి సమూయేలు రెండవ గ్రంథం 23వ అధ్యాయం దగ్గర కాస్త ఆగండి. దావీదు బలాఢ్యుల పట్టీ అది. మొత్తం 37 మంది అని చివర లెక్క కూడా కట్టారు.

ఎక్కువ తక్కువలు అందులో దాచలేదు. ముందు ముగ్గురు. ఆ తర్వాతే అబీషై, బెనాయా. మంచు పడ్డ రోజున గుంటలోకి దిగి సింహాన్ని చంపిన బెనాయా అంతటివాణ్నీ ఆ ముగ్గురి సరసన కూర్చోబెట్టలేదు. అయినా దావీదు తన అంగరక్షకుల మీద పెద్దగా పెట్టుకున్నది అతణ్నే.

ఇంకా కిందికి వస్తే బెయేరోతువాడు నహరై. ఎవరినీ చంపినట్టు లేదు, కోట ఎక్కినట్టు లేదు. యోవాబు ఆయుధాలు మోసేవాడు, అంతే రాశారు. విచిత్రమేమిటంటే సేనాధిపతి యోవాబుకే ఆ పట్టీలో విడిగా చోటు లేదు. తోబుట్టువుల పేర్ల పక్కన, తన బల్లేలు మోసినవాడి పేరు పక్కన కనిపిస్తాడు. నాకు ఆ అధ్యాయమంతటిలో ఇష్టమైన మాట ఇదే.

ఇలాంటి నహరైలు ఇప్పటికీ ఉన్నారు. మా హైదరాబాద్ మియాపూర్‌లో మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే టీ కొట్టు దగ్గరా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వార్షిక రేటింగుల ముచ్చటే. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి నిలబెట్టిన సపోర్టు అబ్బాయి, రిలీజుకు ముందురోజు బగ్ పట్టుకున్న టెస్టింగ్ అమ్మాయి ఏమీ ఆర్కిటెక్టు హోదా అడగడం లేదండీ. అభినందన మెయిల్లో పేరుండాలంటున్నారు. న్యాయమే కదా! మెట్రో సంగతే చూడండి. 2017 నవంబర్ 28న ప్రధాని హైదరాబాద్ మెట్రోను ప్రారంభించింది మియాపూర్‌లోనే. ఆ రైళ్లను రాత్రిళ్లు తనిఖీ చేసి, కడిగి పొద్దునకు సిద్ధం చేసే డిపో కూడా ఇక్కడే ఉంది. ఆ పనివాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇలా వెనక ఉండి పనిచేసేవాళ్ల విలువ దావీదుకు రాజు కాకముందే తెలుసు. తాను ఉంటున్న సిక్లగు ఊరిని తగలబెట్టిన అమాలేకీయుల వెంట 600 మందితో బయల్దేరాడు. బెసోరు వాగు దగ్గర 200 మంది అలసిపోయి, సామాను దగ్గర ఆగిపోయారు. గెలిచి వచ్చినవాళ్లలో కొందరు వీళ్లకు దోపుడు సొమ్ములో పాలు ఇవ్వబోమన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికెంతో సామాను కాచినవాడికీ అంతే అన్నాడు. ఆ రోజు నుంచి ఇశ్రాయేలులో అదే కట్టడ అయింది.