యూమాలో ఆర్నెల్ల కాపురాలు

అరిజోనా రాష్ట్రానికి నైరుతి మూలన, అటు కాలిఫోర్నియా, ఇటు మెక్సికో ఆనుకున్నచోట ఉంటుంది యూమా. ఊరి జనాభా లక్ష దరిదాపు. చలికాలంలో అది దాదాపు రెట్టింపవుతుందని అక్కడివాళ్ల మాట. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. మినెసోటా, డకోటాలు, వాషింగ్టన్ నుంచి, కెనడాలోని మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా నుంచి మంచు మొదలయ్యేవేళకు బళ్లు కట్టుకుని దిగుతారు. వాళ్లని స్నోబర్డ్స్ అంటారు. నవంబరుకు వచ్చి, ఎండ ముదిరేలోపు, అంటే ఏప్రిల్‌కల్లా సర్దుకుంటారు. ఎండాకాలం ఇక్కడ 43 డిగ్రీలు దాటడం మామూలే. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

2025 మార్చి మూడోవారంలో మా ఆవిడా నేనూ ఇక్కడికి వచ్చాం. ఫీనిక్స్ దగ్గరి చాండ్లర్‌లో అమ్మాయి ఇంట్లో పగలంతా గోడలు చూస్తూ కూర్చుంటున్నామని అల్లుడికి జాలేసింది. "మావయ్యగారూ, మా ఆఫీసులో ఒకాయన అమ్మానాన్నలు యూమాలో ఉంటారు. మిమ్మల్ని రమ్మన్నారు. రెండ్రోజులు మార్పుగా ఉంటుంది" అని శనివారం పొద్దున్నే కారు తీశాడు. గిలా బెండ్ మీదుగా మూడు గంటల దారి. దారంతా ఎడారి. యూమా దగ్గరకొచ్చాక ఉన్నట్టుండి పచ్చదనం మొదలవుతుంది. కొలరాడో నది నీళ్లతో పండే లెట్యూస్ పొలాలవి. శీతాకాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో ఇంచుమించు నూటికి తొంభై వంతులు ఈ చుట్టుపక్కల నుంచే వెళతాయి.

ముసలివాళ్ల కోసమే ఊరు కట్టాలన్న ఆలోచన అరిజోనాలో పాతదే. ఫీనిక్స్ పక్కన యంగ్‌టౌన్ 1954లో మొదలైంది. 1960 జనవరి 1న దాని పొరుగునే డెల్ వెబ్ అనే బిల్డరు సన్ సిటీ తెరిస్తే, నమూనా ఇళ్లు చూడ్డానికి మూడు రోజుల్లో లక్షమంది వచ్చారట. అక్కడివి పక్కా ఇళ్లు, స్థిరపడే కాపురాలు. యూమాది వేరే పద్ధతి. ఇక్కడ ఇంటికి చక్రాలుంటాయి.

మేం వెళ్లింది ఊరికి తూర్పున, ఫుట్‌హిల్స్ వైపు ఉన్న ఒక పార్కుకి. వరసగా గీసిన జాగాలు, ఒక్కోదానికి కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం. కొందరు ట్రైలరు తెచ్చుకుని నిలుపుతారు. కొందరు 'పార్క్ మోడల్' అనే చక్రాల ఇల్లు కొనుక్కుని అక్కడే వదిలేస్తారు. అది 400 చదరపు అడుగులు మించకూడదు, మన లెక్కలో 44 గజాలు. అందులోనే పడకగది, వంటిల్లు, బాత్‌రూము, ముందు వరండా. ఇల్లు వీళ్లది, నేల పార్కుది, అద్దె కట్టాలి. గేటు దగ్గర '55 ఏళ్లు పైబడినవారికి' అని బోర్డు. 1995 నాటి ఒక ఫెడరల్ చట్టం ప్రకారం, నూటికి ఎనభై ఇళ్లలో కనీసం ఒక్కరికైనా 55 నిండి ఉంటే ఇలా వయసు షరతు పెట్టుకోవచ్చు. మనవలు చుట్టపుచూపుగా రావచ్చుగానీ, ఎన్నాళ్లుండాలో పార్కు రూలే చెబుతుంది.

క్లబ్‌హౌస్‌లో అడుగుపెట్టగానే నన్ను పట్టేసింది నోటీసుబోర్డు. ఊరి సంగతులన్నీ అక్కడే. మంగళవారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా నీళ్లు రావు, గొట్టం మరమ్మతు. గురువారం తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ భోజనాలు, ఎవరి కంచం వాళ్లే తెచ్చుకోవాలి. శుక్రవారం బీపీ పరీక్ష, ఉచితం. ఫీనిక్స్ విమానాశ్రయానికి కారులో రెండు సీట్లు ఖాళీ, పెట్రోలు పంచుకోవాలి. కుక్క మలం ఎత్తనివారు ఎవరో తమకు తెలుసనీ, ఈసారి పేరుతో సహా రాస్తామనీ ఒక బెదిరింపు. ఒక పక్కన చిన్న చట్రంలో 'ఈ సీజనుకు రాలేకపోయినవారు' అని పేర్ల జాబితా. దాని ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడటం లేదు. దాని పక్కనే బింగో ఫలితాలు.

అన్నిటికన్నా వేడిగా ఉన్న గొడవ పికిల్‌బాల్ అనే బ్యాట్ల ఆట గురించి. పాతకాలపు షఫుల్‌బోర్డు ఆట బాటల్లో సగం తవ్వేసి పికిల్‌బాల్ కోర్టులు వేద్దామని అరవైల్లో ఉన్నవాళ్లు, ఆ టకటకలు పొద్దున్నే ఏడింటికి మొదలైతే మేం ఎక్కడికి పోవాలని ఎనభైల్లో ఉన్నవాళ్లు. సంతకాల కాగితాలు రెండు, ఒకదాని మీద ఒకటి పోటీగా అంటించి ఉన్నాయి. నన్నూ సంతకం పెట్టమంది ఒకావిడ. నేనిక్కడ కాపురం ఉండటం లేదంటే, "మేం మాత్రం ఉంటున్నామా?" అంది.

మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయనది మానిటోబా. గోధుమ పొలం కొడుక్కి వదిలేసి పదిహేనేళ్లుగా చలికాలం ఇక్కడికి వస్తున్నారు, భార్యాభర్తలిద్దరూ. వరండాలో కూర్చోబెట్టి ఐస్ టీ ఇచ్చాక ఆయన తెచ్చి చూపించింది మనవల ఫొటోలు కాదు, ఒక డైరీ. సరిహద్దు దాటిన ప్రతి తేదీ అందులో ఉంది. పన్ను లెక్క ఇది: ఈ ఏడాది అమెరికాలో గడిపిన రోజులన్నీ, నిరుటివాటిలో మూడోవంతు, ముందటేడువాటిలో ఆరోవంతు కూడాలి. అది 183కు చేరితే అమెరికా పన్నుల శాఖ 'నువ్వు మావాడివే' అనే వీలుంది. అంటే ఏటా నాలుగు నెలలు దాటి ఉంటే చాలు, కాదని చెప్పుకోవడానికి 8840 అనే ఫారం నింపాల్సిందే. వలస శాఖది వేరే లెక్క, ఒకసారి వస్తే సాధారణంగా ఆర్నెల్లు. ఇవి రెండూ కాక సొంత రాష్ట్రపు ఆరోగ్య బీమాది మరో లెక్క. ఒంటారియోలో అయితే ఏడాదిలో 212 రోజులకు మించి బయట ఉంటే బీమా కార్డు పోయే ప్రమాదం ఉంది. "ఇటు ఎక్కువుంటే వీళ్లు పట్టుకుంటారు, అటు తక్కువుంటే వాళ్లు వదిలేస్తారు" అన్నాడాయన.

మా ఆవిడ నావైపు చూసి నవ్వింది. చాండ్లర్‌లో సాయంత్రం నడకలకొచ్చే మన తెలుగు తల్లిదండ్రుల మాటలు అచ్చంగా ఇవే కదా. ఎన్నాళ్లుండొచ్చో చెప్పే అయ్‌నైంటీఫోర్ రికార్డులో ఏ తేదీ పడింది, పొడిగింపు అడిగితే మళ్లీసారి ఏమంటారో, తెచ్చుకున్న మాత్రలు ఎన్నాళ్లొస్తాయి. అరుగు మీద కూర్చుని ఊళ్లో కబుర్లు చెప్పుకోవలసిన వయసులో అందరం క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటున్నాం.

బీమా దగ్గరకొచ్చేసరికి ముసలాయన గొంతు పెరిగింది. కెనడా దాటాక అక్కడి సర్కారీ వైద్యం పెద్దగా ఆదుకోదు. ఒంటారియో ప్రభుత్వం విదేశీ ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకు రోజుకు గరిష్ఠంగా 400 కెనడా డాలర్లు ఇస్తుంది. అమెరికా ఆసుపత్రి బిల్లు ముందు అది ఏ మూలకు? అందుకని ప్రయాణ బీమా కొంటారు. దానికో మెలిక ఉంటుంది. బయలుదేరడానికి ముందు కొన్ని నెలలపాటు జబ్బు నిలకడగా ఉండాలి. మందు డోసు మారినా నిలకడ తప్పినట్టే. "ఆగస్టులో డాక్టరు బీపీ మాత్ర పెంచుతానంటే వద్దని బతిమాలాను" అన్నాడాయన. భార్య అందుకుని, "బతిమాలడం కాదు, పోట్లాడాడు" అంది. ఆరోగ్యం కోసం కొనే బీమా మనిషిని మందు మార్చుకోకుండా ఆపుతుందంటే ఆ వ్యాపారం ఎవరి మంచికో అర్థమవుతూనే ఉంది. మనవాళ్ల విజిటర్ ఇన్సూరెన్సుల్లోనూ ముందునుంచీ ఉన్న జబ్బుల దగ్గర ఇలాంటి చిన్నక్షరాలే. షుగరూ బీపీ లేని తెలుగు తాతగారు ఎక్కడ దొరుకుతాడు?

మర్నాడు పొద్దున లాస్ అల్గొడోనెస్ తీసుకెళ్లారు. యూమాకు పడమరగా కారులో కొద్దిదూరం, మెక్సికో సరిహద్దు. క్వెచాన్ అనే ఆదివాసీ తెగవాళ్ల పార్కింగులో కారు పెట్టి నడిచి దాటాలి. నాలుగు వీధుల ఊరు, ఎటు చూసినా పళ్ల డాక్టర్ల బోర్డులే. అందుకే 'మోలార్ సిటీ', అంటే దవడపళ్ల ఊరని ముద్దుపేరు. అడుగు పెట్టామో లేదో "పళ్లా? కళ్లజోళ్లా? మందులా?" అంటూ కుర్రాళ్లు చుట్టుముట్టారు. అమెరికా వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ మామూలు పళ్ల వైద్యానికి డబ్బివ్వదు. క్రౌన్ తొడిగించుకోవాలన్నా, ఇంప్లాంట్ పెట్టించుకోవాలన్నా ఇక్కడ అయ్యే ఖర్చు అక్కడి దాంట్లో చిన్న భాగం. పెద్దాయన భార్య గంటన్నర కుర్చీలో కూర్చుని, బుగ్గ మొద్దుబారి ఉండగానే బేరమాడి ఒక తోలుసంచీ కొంది. ఇంకో చిక్కు గడియారాలది. అరిజోనా వేసవి వేళలు పాటించదు, అవతల పాటిస్తారు. శీతాకాలమంతా అల్గొడోనెస్ గంట వెనక. మార్చి రెండో ఆదివారం దాటితే రెండూ ఒకటే వేళ. పదిహేనేళ్లయినా పెద్దాయనకిది ఏటా కొత్తేనట. వెనక్కొచ్చే వరసలో చాలామంది మడతకుర్చీలు వెంట తెచ్చుకున్నారు. సీజను నడిమధ్యలో గంటలు పడుతుందట.

ఆ వరసలో వినపడిన మాటలన్నీ వాషింగ్టన్ వార్తలే. మార్చి 4న కెనడా సరుకుల మీద అమెరికా సుంకాలు అమల్లోకి వచ్చాయి. కెనడా అమెరికాకు 51వ రాష్ట్రమైతే బాగుంటుందని ట్రంప్ అనడం సుంకాలకన్నా ఎక్కువ గుచ్చుకుంది వీళ్లకి. కెనడా డాలరు అప్పుడు 70 అమెరికా సెంట్ల దగ్గర ఉండేది, అద్దె మాత్రం అమెరికా డాలర్లలోనే కట్టాలి. ఆపైన మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందే ఇంకో నిబంధన. రోడ్డు మార్గాన వచ్చి 30 రోజులు దాటి ఉండే కెనడావాళ్లు కూడా ఏప్రిల్ 11 నుంచి ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలన్నారు. వేలిముద్రలు అక్కర్లేదన్నారుగానీ, ఏటా చెయ్యి ఊపి పంపించే గేటు దగ్గర ఇక కాగితం అడుగుతారన్నదే వాళ్ల కష్టం. క్లబ్‌హౌస్‌లో ఒకే బల్ల చుట్టూ పేకాడే అమెరికావాళ్లు, కెనడావాళ్లు ఈ మాట ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నారట. మాకు చెప్పినాయన అది చెబుతూనే మాటెత్తాడు.

వెనక్కొస్తుంటే పొలాల గట్టున పాత స్కూలు బస్సులు కనిపించాయి, తెల్లరంగు వేసినవి. ఒక్కోదాని వెనక ట్రెయిలరు మీద మరుగుదొడ్లు. లెట్యూస్ కోసేవాళ్లవి. చాలామంది సరిహద్దు అవతల సాన్ లూయిస్ రియో కొలరాడోలో అర్ధరాత్రి దాటగానే లేచి, వరసలో నిలబడి, తెల్లారేసరికి పొలంలో ఉంటారు. మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి గుంటూరు జిల్లాకు వచ్చే కుటుంబాల్లాగే వీళ్లకీ ఇదే సీజను. ఎండ కోసం వచ్చే పెద్దవాళ్లు, కూలి కోసం వచ్చే వీళ్లు నవంబరులో కలిసే దిగి, వసంతంలో కలిసే కదులుతారు. పార్కు బోర్డు మీద వీళ్ల ఊసు ఒక్కటీ లేదు. పాట్‌లక్‌లో సలాడ్ మాత్రం ఉంటుంది.

పార్కు అద్దె మోయలేనివాళ్లు ఉత్తరాన ఇంపీరియల్ డ్యామ్ దగ్గర ప్రభుత్వ భూమిలో దిగుతారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మొత్తానికి మేం వెళ్లినప్పుడు 180 డాలర్లు ఉండేది. కరెంటు, గొట్టాలేమీ ఉండవు. నెత్తిన సోలార్ పలకలు పెట్టుకుని, నీళ్లు మోసుకుని కాలక్షేపం చేస్తారు. అక్కడివాళ్లు పార్కుల్లో ఉండేవాళ్లను చూసి నవ్వుతారని అల్లుడి స్నేహితుడు చెప్పాడు. మాకు వెళ్లే వీలు చిక్కలేదు.

మేం బయల్దేరేనాటికి మా ఆతిథేయుల ఇంట్లో సర్దుడు మొదలైంది. ఎండాకాలానికి ఇల్లు మూసే పని చిన్నదేం కాదు. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచాలి. కిటికీలకు వెండికాగితం అంటించాలి. నీళ్ల గొట్టం కట్టేసి, మురుగు కంతలు మూయాలి, లేకపోతే పురుగూపుట్రా లోపలికొస్తాయి. చెక్క పగలకుండా గదికో బకెట్ నీళ్లు. అక్కడ మానిటోబాలో కొడుకు మంచు తవ్వి గుమ్మం తెరిచి ఉంచాలి.

ఈసారి ఆ పనుల మధ్య ఇంకో వాదన. ఆ వీధిలో అప్పటికే మూడు ఇళ్ల ముందు 'అమ్మబడును' బోర్డులున్నాయి, మూడూ కెనడావాళ్లవే. మనమూ అమ్మేద్దాం, అవమానం పడుతూ రావడమెందుకని ఆయన. కొనేవాడికీ 55 నిండాలి, పార్కు ఒప్పుకోవాలి, ఇన్ని బోర్డుల మధ్య ధర ఎక్కడ పలుకుతుందని ఆవిడ. పైగా తన బొంతలు కుట్టే బృందం మంగళవారాలు, పక్కింట్లో ఉండే విస్కాన్సిన్ స్నేహితురాలు, అల్గొడోనెస్‌లో ఇంకా పూర్తికాని రెండు పళ్లు. వరండాలో ఉన్న బల్లను ఆయన బేరం పెట్టమంటే, ఆవిడ దాని మీద గుడ్డ కప్పి తాడుతో కట్టేసింది. మేం కారెక్కేటప్పటికి ఆయన ఆ తాడు విప్పుతున్నాడు, ఆవిడ వద్దంటోంది.