లెక్కబెట్టినదెవరు?

2015 జనవరి 18, ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. ముంబైలో ఛత్రపతి శివాజీ టెర్మినస్ ముందు వేలాది మంది భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. 2004లో మొదలైన ముంబై మారథాన్‌ను జనవరి మూడో ఆదివారం నాడు జరపడం ఆనవాయితీగా మారింది. పరుగెత్తవలసిన దూరం 42.195 కిలోమీటర్లు. ఆ గుంపులో, వెనుక వరుసల్లో, నలభై మూడేళ్ల ఒక మహిళ ఉంది. వర్లీలో ఒక బ్యాంకులో గుమస్తా. ఛాతీ మీద గుడ్డకు పిన్నులతో గుచ్చిన అంకె. దానితోపాటు, ఆమె ఎప్పుడు బయలుదేరిందో ఎప్పుడు చేరిందో నమోదు చేసే చిన్న చిప్. జీవితంలో తొలిసారి ఆమె కాలం సెకన్లతో సహా లెక్కకు వస్తోంది.

ఐదేళ్ల కిందట షుగర్ వచ్చే సూచనలున్నాయని డాక్టరు హెచ్చరించినప్పుడు ఆమె వర్లీ సముద్రతీరంలో నడక మొదలుపెట్టింది. నడక నెమ్మదిగా పరుగైంది. ఈ వయసులో ఇదేం పని అని చాల్‌లో ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. చీకటితో బయలుదేరే ఆడమనిషిని వీధి చూసే చూపు మరో రకం. ఆ చూపు ఒక్క ముంబైకే చెందినది కాదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో నమోదై పరుగెడుతున్న క్యాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడే దారిలో పట్టుకుని బయటకు లాగబోయాడు. ఒలింపిక్స్‌లో మహిళలకు మారథాన్ చేర్చడానికి 1984 దాకా ఆగవలసి వచ్చింది. ఈ చరిత్ర ఆమెకు అప్పట్లో తెలియదు. తెలిసినదల్లా, గుంపులో కలిసి పరుగెత్తే ఈ ఒక్క ఉదయం ఎవరూ ఆమెను నిలదీయరన్నదే.

నిలదీయకపోవడమే కాదు, నగరమంతా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. మామూలు రోజుల్లో హారన్ల మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని దాటే మెరీన్ డ్రైవ్ ఆ చీకట్లో పూర్తిగా మనుషులది. బండ్లను ఆపుతున్న పోలీసులు ఆమె కోసమే ఆపుతున్నారు. పెడ్డర్ రోడ్డు ఎత్తు ఎక్కి, హాజీ అలీ దాటి, వర్లీ మీదుగా సీ లింక్ వంతెనకు చేరేసరికి తూర్పున వెలుగు రేఖలు. 2009లో ప్రారంభమైన ఆ వంతెన మీదికి పాదచారులకు ప్రవేశం లేదు. ద్విచక్ర వాహనాలకూ లేదు. కాలినడకన వెళ్లే ముంబై వాసి దాన్ని ఒడ్డు నుంచి చూడవలసిందే. తన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న ఆ వంతెనపై ఆమె కాలు మోపడం అదే మొదటిసారి. చాలామంది ఆగి ఫొటోలు తీసుకున్నారు. ఆమె మాత్రం ఆగకుండా వెనక్కి తిరిగి చూసింది. సముద్రపు గాలిలో, పొగమంచు వెనుక, వర్లీ గోపురాల్లాంటి భవనాలు. ఒకప్పుడు అక్కడ కనిపించేవి మిల్లుల పొగగొట్టాలు.

మారథాన్‌ను బయటి నుంచి చూసేవారు దాన్ని సంకల్పబలానికి సంబంధించిన వ్యవహారంగా భావిస్తారు. పరుగెత్తినవారికి మరొక సంగతి తెలుస్తుంది. అది మొదటి నుంచి చివరి వరకు ఏర్పాట్ల వ్యవహారం. కొద్దికొద్ది దూరానికే నీళ్ల బల్లలు. ఉప్పు, చక్కెర కలిపిన పానీయాలు. తిమ్మిరి పట్టిన పిక్కలకు మందు చల్లే వాలంటీర్లు. దారి పొడవునా వైద్యులు, అంబులెన్సులు. ఇక నడవలేనన్నవారిని ఎక్కించుకోవడానికి వెనుకే వచ్చే బస్సులు. వీటికి తోడు, అధికారిక జాబితాలో లేని మరో ఏర్పాటు ముంబైకి ఉంది. ఆదివారం నిద్ర మానుకుని రోడ్డు పక్కకు వచ్చిన కుటుంబాలు నారింజ తొనలు, చిక్కీ ముక్కలు, బిస్కట్లు పళ్లాల్లో పట్టుకుని నిలబడతాయి. పేరు తెలియని పిల్లలు అరచేతులు చాపి, తట్టి వెళ్లమంటారు. ఇరవై కిలోమీటర్ల తర్వాత ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందన్న దానికంటే, మలుపులో ఎవరున్నారన్నదే ముఖ్యమవుతుంది.

ఎండ ఎక్కింది. మాహిమ్, శివాజీ పార్కు, ప్రభాదేవి. ఆలస్యంగా బయలుదేరిన ఇథియోపియా, కెన్యా అగ్రశ్రేణి క్రీడాకారులు తేలికగా దాటిపోయారు. వాళ్ల అడుగుల చప్పుడు కూడా సరిగా వినపడలేదు. ముప్పై కిలోమీటర్ల తర్వాత శరీరంలో నిల్వ ఉన్న చక్కెర అడుగంటుతుంది. పరుగెత్తేవారు దీన్ని గోడ అంటారు. సరిగ్గా ఆ గోడ ఎదురయ్యే వేళకు ఆమె తిరిగి వర్లీలోకి ప్రవేశించింది. నాకా దగ్గర, నీడ లేని పేవ్‌మెంట్ మీద, డెబ్బై ఒక్క ఏళ్ల ఆమె తండ్రి ఒలిచిన నారింజ తొనలను స్టీలు డబ్బాలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మెల్లగ ఉరుకు బిడ్డా. రైలేం తప్పిపోతలేదు,” అన్నాడు.

ఆమె రెండు తొనలు నోట్లో వేసుకుంది. “ఎప్పటిసంది నిలబడ్డవు బాపూ?” అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. పొమ్మన్నట్టు చేయి ఊపాడు.

ఆ రోజు తేదీ ఆయనకు గుర్తుంది. ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2,50,000 మంది కార్మికులు మగ్గాలు ఆపి బయటకు వచ్చారు. బోనస్, వేతనాలతో పాటు, ఒకే సంఘానికి గుర్తింపునిచ్చి మిగతావారి నోరు కట్టేసిన 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టాన్ని రద్దు చేయాలన్నది వారి డిమాండ్. ఏడాది గడిచింది. యాజమాన్యాలు దిగిరాలేదు, ప్రభుత్వమూ దిగిరాలేదు. వేలాది మంది ఊళ్లకు మళ్లారు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ సమ్మెను విరమించినట్టు ఏనాడూ లాంఛనంగా ప్రకటించలేదని నాటి కార్మికులు నేటికీ చెబుతారు. పరిశ్రమ కిందున్న దాదాపు 600 ఎకరాల భూమి ఆ తర్వాతి దశాబ్దాల్లో మాల్‌లుగా, కార్యాలయాలుగా, ఆకాశహర్మ్యాలుగా రూపాంతరం చెందింది. ఆమె ఇప్పుడు పరుగెత్తుతున్నది ఆ నీడల్లోనే.

ఈ నగరానికి తెలుగువారి చెమటతో ఉన్న బంధం పాతది. నిజాం ప్రాంతం నుంచి వచ్చి రాళ్లు మోసి, కట్టడాలు లేపిన కామాటీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. వారి వెనుక కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు మిల్లుల్లోకి వచ్చారు. వర్లీలో 1920లలో కట్టిన బీడీడీ చాల్‌లలో, 160 చదరపు అడుగుల ఒంటి గదుల్లో సంసారాలు చేశారు. ఆమె తండ్రి అటువంటి గదిలోనే ఆమెను పెంచాడు. సమ్మె నాటికి ఆమెకు పదేళ్లు. మిల్లు మూతపడ్డాక ఆయన, ఎంతోమందిలాగే, భివండీ మరమగ్గాల్లో పనికి కుదిరాడు. పన్నెండు గంటల పని. వారానికొకసారి ఇంటికి రాక.

హాజీ అలీ దాటాక పెడ్డర్ రోడ్డు ఎత్తు మళ్లీ వచ్చింది. ఉదయం గమనించని ఎత్తు ఇప్పుడు కొండలా నిలిచింది. పక్కన ఒక అపరిచితుడు, గుజరాతీ యాసతో, మనమిద్దరం ఆ దీపస్తంభం దాకా పరుగెడదాం, తర్వాత నడుద్దాం అన్నాడు. అలా స్తంభం నుంచి స్తంభానికి ఇద్దరూ కొండ ఎక్కారు. దిగాక ఎవరి దారి వారిది. పేర్లు అడగలేదు. మెరీన్ డ్రైవ్ ఎండలో కొలిమిలా ఉంది. రోడ్డుకు అడ్డంగా పరిచిన చాప మీద కాలు పడగానే యంత్రం కీచుమంది. 5 గంటల 48 నిమిషాలు. ఎవరో మెడలో పతకం వేశారు. ఆమె ఏడ్చింది. చుట్టూ చాలామంది ఏడుస్తున్నారు గనుక ఎవరూ వింతగా చూడలేదు. కొంతసేపటికి ఆ దారిలో మిగిలినవి నలిగిన సీసాలు, వాటిని సంచుల్లోకి ఏరుతున్న చెత్త ఏరుకునే ఆడవాళ్లు, చీపుర్లతో పారిశుద్ధ్య కార్మికులు. మధ్యాహ్నానికి రోడ్డు మళ్లీ కార్లదైంది.

సాయంత్రం చాల్ గదిలో తండ్రి ఆ పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దూరం ఎంతని అడిగాడు. నలభై రెండు కిలోమీటర్లని ఆమె చెప్పింది.

“అంటే భివండీ అంత,” అన్నాడు. కాసేపు ఆగి, “నేనొకసారి నడిచొచ్చిన. సేటు పైసలియ్యలే. పండుగ ముందట,” అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె నమ్మలేక, ఎంతసేపు పట్టిందని అడిగింది.

“లెక్కబెట్టినోడెవడు?” అన్నాడు ఆయన.

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. ఒక వాస్తవాన్ని చెప్పినట్టే చెప్పాడు. అయితే ఆ వాస్తవం ఈ గణతంత్రానికి సంబంధించిన అతి పెద్ద ప్రశ్నల్లో ఒకటి. ఇష్టపడి పరుగెత్తినవారి కాలాన్ని సెకన్లతో సహా లెక్కించి, ధ్రువపత్రం ఇచ్చే వ్యవస్థ మనకుంది. గతిలేక నడిచినవారి దూరాన్ని లెక్కించే వ్యవస్థ లేదు. పేదల ఓర్పును పొగడటంలో మన రాజకీయం ఎన్నడూ వెనుకబడలేదు. కానీ ఓర్పు దానంతటది నిలబడేది కాదు. దానికి దారిలో నీళ్లు కావాలి, పడిపోతే ఎత్తేవారు కావాలి, ఎక్కడో ఒకచోట ముగింపు గీత కావాలి. ఆ మూడూ లేనిచోట ఓర్పును పొగడటం బాధ్యత నుంచి తప్పించుకోవడమే.

నగరాలకు మనసు లేదని చెప్పడం కూడా న్యాయం కాదు. 2018 మార్చిలో నాసిక్ నుంచి వేలాది రైతులు, ఆదివాసీలు అటవీ భూమి హక్కుల కోసం, రుణమాఫీ కోసం దాదాపు 180 కిలోమీటర్లు నడిచి ముంబై చేరారు. పదో తరగతి పిల్లల పరీక్షలకు ఇబ్బంది కలగరాదని, పగలంతా నడిచిన కాళ్లతోనే రాత్రికి రాత్రి మళ్లీ నడిచి, తెల్లవారేసరికి ఆజాద్ మైదానానికి చేరుకున్నారు. బొబ్బలెక్కిన ఆ పాదాలను చూసి నగరవాసులు నీళ్లు తెచ్చారు, బిస్కట్లు తెచ్చారు, చెప్పులు తెచ్చారు. ఆజాద్ మైదానం ఉన్నది మారథాన్ మొదలై ముగిసే ఆ టెర్మినస్ ఎదుటే. మూడేళ్ల ముందు ఆమెకు నారింజ తొనలు అందించిన చేతులకూ, రైతులకు చెప్పులు అందించిన చేతులకూ పెద్ద తేడా లేదు. ఆ రోజే రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వక హామీ కూడా ఇచ్చింది. చూసేవారు ఉన్నచోట, లెక్కించవలసి వచ్చినచోట, రాజ్యమూ కదులుతుంది.

చూసేవారు లేనిచోట ఏమవుతుందో 2020 చూపింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇదే ముంబై నుంచి, ఎన్నో నగరాల నుంచి వలస కూలీలు జాతీయ రహదారుల వెంట నడిచారు. రైళ్లు లేవు, బస్సులు లేవు. చాలాచోట్ల నీళ్ల బల్లలు పెట్టింది గ్రామస్థులూ, స్వచ్ఛంద సంస్థలే. మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ సమీపంలో కర్మాడ్ వద్ద పట్టాల మీద అలసి నిద్రపోయిన 16 మంది కూలీలు గూడ్సు రైలు కింద నలిగిపోయారు. జాల్నాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లు, మధ్యప్రదేశ్‌లోని ఊళ్లకు వెళ్లేందుకు రైలు దొరుకుతుందన్న ఆశతో రాత్రి పూట నడిచినవాళ్లు. పట్టాల మీద చెదిరిపడిన వారి రొట్టెల చిత్రం దేశమంతా చూసింది.

అదే ఏడాది సెప్టెంబరులో, లాక్‌డౌన్ కాలంలో ఇళ్లకు మళ్లుతూ ఎందరు వలస కూలీలు మరణించారని లోక్‌సభలో అడిగారు. అటువంటి సమాచారం తమ వద్ద లేదని కేంద్ర కార్మిక శాఖ లిఖితపూర్వకంగా సమాధానమిచ్చింది.

ఆ వార్తను ఆమె చాల్ గదిలో తండ్రికి చదివి వినిపించింది. గోడకు మేకు మీద పతకం వేలాడుతోంది. ఆయన కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

“మల్ల సదువు,” అన్నాడు.

ఆమె మళ్లీ చదివింది.