తీగ పొడుగెంత, పాట దూరమెంత

రికార్డు ప్లేయరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య తీగ పొడుగైతే పాట పాడవుతుందా? ఇదేం ప్రశ్న, ఆడవాళ్ళకి ఇంతకన్నా పనుల్లేవా అనుకోకండి. మా ఇంట్లో ఇది వారం రోజులు నలిగింది.

కారణం మా మావయ్యగారు. మా ఉద్దానంలో చాలా ఇళ్ళలో ఉన్నట్టే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బుంది. ఆయన వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటారు. వచ్చిన రోజు మంచం దిగలేరు. ప్లేయరేమో ముందు హాల్లో, ఆయన మంచం వెనక గదిలో. "ఒక్కపాలి ఘంటసాల భగవద్గీత ఏయమ్మా, ఇక్కడికి ఇనపడాల" అంటారు. సౌండు పెంచితే హాల్లో పిల్ల చదువు సాగదు.

వెనక గదిలో ప్లేయరుకి కదలని బల్ల లేదు. అందుకని దాన్ని హాల్లోనే ఉంచి, ఆంప్లిఫయరూ స్పీకర్లూ మావయ్యగారి దగ్గర పెట్టి, మధ్యలో పది మీటర్ల తీగ లాగుదామన్నారు మావారు. "పెళ్ళిళ్ళలో మైకుసెట్టువాడు కొబ్బరిచెట్ల మీదుగా ఊరి చివరిదాకా లాగడం లేదా?" అని ఆయన వాదన.

మైకుసెట్టు సంగతి వేరు. అక్కడ తీగలో పోయేది ఆంప్లిఫయరు పెంచి పంపిన బలమైన కరెంటు. దూరపు గొట్టాలకి 100 వోల్టుల లెక్కన పంపే ఏర్పాటు ఉంటుంది. మా ప్లేయరులాంటి అయస్కాంతం రకం సూది నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు, అంటే వోల్టులో 200వ వంతు. మా ఇసక నేలలో సన్నధార నాలుగడుగులు పోయేసరికి ఇంకిపోతుంది, మోటారు నీరు తోట చివరిదాకా పారుతుంది. ఇదీ అంతే.

పైగా తీగకి కెపాసిటెన్స్ అనే గుణం ఉంది. మామూలు తీగల్లో మీటరుకి 100 పికోఫారడ్ల దాకా ఉంటుంది. ఇలాంటి సూదులు చాలావాటికి మొత్తం 100 నుంచి 300 లోపు ఉంటే సరిపోతుంది. పది మీటర్లంటే 1000. అప్పుడు తాళాల గలగల, "స" "శ" పలికే సన్నదనం మొద్దుబారతాయి. ఇంట్లోని 50 హెర్ట్‌జ్ కరెంటు గుయ్‌మనే రొద కూడా తీగలోకి చేరుతుంది. అలాగని మీటరుకి బదులు మీటరున్నర ఉంటే కొంప మునగదు. ఖరీదైన తీగలూ అక్కర్లేదు.

మేం చేసింది ఇదీ: ఆంప్లిఫయరుని ప్లేయరు పక్కనే ఉంచాం, మధ్యలో మీటరు తీగే. స్పీకర్లు మాత్రం వెనక గదికి మార్చి, ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ పది మీటర్లు లాగాం. రానూపోనూ కలిపి దాని నిరోధం 0.15 ఓము. 8 ఓముల స్పీకరు ముందు అదొక లెక్కా!

ఇప్పుడు శ్లోకం ఆయన మంచం దగ్గరే వినిపిస్తోంది. కాకపోతే ఒక పక్క ఇరవై నిమిషాలకే అయిపోతుంది. నేను వంటింట్లోంచి లేచివెళ్ళి రికార్డు తిప్పాలి. తిప్పినప్పుడల్లా, సరిగ్గా వినిపిస్తోందో లేదో కనుక్కునే వంకతో, వెనక గదిలోకి ఒకసారి తొంగిచూసి వస్తాను.